చవక బేస్ గిటార్: ఫ్రెట్ చివర్లు గరుకుగా ఉంటే వదిలేయాలా?

కొత్తబేసు:
అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా అకూస్టిక్ గిటార్ వాయిస్తున్నాను, ఇప్పుడు బేస్ మీదికి మనసు పోయింది. నా దగ్గరున్న డబ్బుకి కంపెనీల అట్టడుగు మోడళ్లే వస్తాయి. రెండు చూసి పెట్టుకున్నాను. పేర్లు రాస్తే చర్చ కంపెనీల మీదికి పోతుంది కాబట్టి రాయడం లేదు. ఒకటి ఫెండర్ ప్రెసిషన్ బేస్ తరహాది. దాని నెక్ అంచు వెంబడి అరచెయ్యి జరిపితే ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు) చివర్లు గీసుకున్నట్టు తగిలాయి. రెండోది బ్యాటరీతో నడిచే యాక్టివ్ రకం. నెక్ నున్నగా ఉంది కానీ అన్నిటికంటే సన్నదైన జీ స్ట్రింగ్ అంచుకి మరీ దగ్గరగా పోతోంది. వీటిలో ఏది లోపం, ఏది మామూలు? చవకదాంట్లో నాణ్యత అంటే అసలు ఏం చూడాలి?

మంద్రస్థాయి:
మొదటిది వదిలేయండి. ఆలోచించడానికేం లేదు.

ఎందుకో చెప్తాను. బాడీ కోయడం, నెక్ చెక్కడం ఇవాళ కంప్యూటర్‌తో నడిచే మిషన్ల పని. ఆ పనిలో ఖరీదైనదానికీ చవకదానికీ తేడా బాగా తగ్గిపోయింది. తేడా అంతా మనిషి చేత్తో చేయాల్సిన చోట మిగిలింది. ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తుకి తేవడం, చివర్లు గుండ్రంగా అరగదీయడం, నట్‌లో (నెక్ పైకొసన స్ట్రింగ్స్ ఆనే పట్టీ) గాట్లు సరైన లోతుకి కోయడం. చవక బేస్‌లో కంపెనీ మిగుల్చుకునేది ఈ సమయాన్నే. చెయ్యి పెట్టగానే తెలిసిపోయే చోటే పట్టించుకోనివాళ్లు కంటికి ఆనని చోట పట్టించుకుని ఉంటారా?

రెండోదాన్ని ఇలా చూడండి. బాడీ మీద స్ట్రింగ్స్ బిగించే బ్రిడ్జ్ వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూడండి. రెండు అంచులూ ఒకే తీరుగా వంగి ఉండాలి. ఒక అంచు పైకీ ఇంకో అంచు కిందికీ పోతుంటే నెక్ మెలి తిరిగిందని. నెక్ లోపలి లోహపు కడ్డీ, ట్రస్ రాడ్, వంపుని సరిచేస్తుంది గానీ మెలికని సరిచేయలేదు. అలాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. తర్వాత ప్రతి స్ట్రింగ్ మీదా ప్రతి ఫ్రెట్టూ నొక్కి వాయించండి. యాంప్‌కి పెట్టకుండానే. బజ్ (స్ట్రింగ్ ఫ్రెట్‌కి తగిలి వచ్చే గరగర) ఎక్కడొస్తోందో, స్వరం ఎక్కడ చప్పున చచ్చిపోతోందో రాసుకోండి.

నాలుగుతీగలు:
మాస్టారూ, ఫ్రెట్ చివర్లు చూసి బేస్ వదిలేయమనడం నాకు మింగుడుపడలేదు. ఫింగర్‌బోర్డ్ చెక్క గాలి పొడిగా ఉంటే కుంచించుకుపోతుంది. ఫ్రెట్ లోహం, అది కుంచించుకోదు. అందుకే చివర్లు బయటికొస్తాయి. ఏసీ గదిలో ఎండాకాలం అంతా గోడకి వేలాడితే ఎంత ఖరీదైనదానికైనా ఇదే గతి. కంపెనీ బద్ధకానికీ దీనికీ సంబంధం లేదు. సన్న ఆకురాయి పట్టుకుని టీవీ చూస్తూ సరిచేసుకునే పని ఇది.

బ్రదర్, మీరు చూడాల్సింది నెక్, ట్యూనర్లు, బ్రిడ్జ్ సాడిల్స్ (బ్రిడ్జ్ మీద ఒక్కో స్ట్రింగ్ ఆనే దిమ్మలు). మిగతావన్నీ తర్వాత మార్చుకోవచ్చు. బాడీ చెక్క పాప్లరా, బాస్‌వుడ్డా అని తల బద్దలు కొట్టుకోవద్దు. ఇంకో మాట. 1961లో హాంబర్గ్‌లో బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ హాఫ్నర్ 500/1 బేస్ కొన్నది అది గొప్పదని కాదు. ఫెండర్ కొనే స్థోమత లేక, పైగా రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎడమచేతి వాటానికి ఎబ్బెట్టుగా కనపడదని. తర్వాత దాని మీద ఏం వాయించాడో లోకానికి తెలుసు.

ఫ్లాట్‌వౌండ్:
మోటౌన్ రికార్డుల బేస్ ప్లేయర్ జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద స్ట్రింగ్స్ తెగితే తప్ప మార్చేవాడు కాదు. యాక్షన్, అంటే ఫ్రెట్లకి పైన స్ట్రింగ్స్ ఉండే ఎత్తు, కూడా ఎక్కువే. వేళ్లలో ఉంటుంది అంతా.

మంద్రస్థాయి:
ఫ్లాట్‌వౌండ్ గారూ, జేమర్సన్ ఎలక్ట్రిక్ బేస్ పట్టేనాటికే డబుల్ బేస్ వాయించి వేళ్లు రాటుదేలిన మనిషి. అడుగుతున్నాయన ఇంకా మొదలే పెట్టలేదు.

నాలుగుతీగలు గారూ, చెక్క ఎండుతుందని నాకు తెలీదా? కానీ ఎంత ఎండినా చివర్లు గుండ్రంగా అరగదీసి ఉంటే చేతికి మొద్దుగా తగులుతాయి, కోసుకోవు. "గీసుకున్నట్టు తగిలాయి" అని ఆయన స్పష్టంగా రాశాడు. అంటే అరగదీయలేదు. మీరు ఎండాకాలం మీదికి తోసేస్తున్నారు.

శ్రుతిభేదం:
30 అంగుళాల షార్ట్ స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా స్ట్రింగ్ పొడవు తక్కువున్నది) చూడండి. 34 అంగుళాల మీద మొదటి ఫ్రెట్ల దగ్గర చెయ్యి చాపడం కొత్తవాళ్లకి కష్టం. హాఫ్నర్ కూడా 30 అంగుళాలదే.

నాలుగుతీగలు:
గీసుకుందా, తగిలిందా అన్నది ఆయన రాసిన మాట బట్టి మీరెలా తేల్చేస్తారు? బేస్‌ని మీరు చూశారా? నేను చూశానా? ఎండి బయటికొచ్చిన ఫ్రెట్ కూడా గీసుకుంటుంది. నా దగ్గరున్న బేస్‌లలో ఒకటి వర్షాకాలంలో నున్నగా ఉంటుంది, ఎండ ముదిరితే మళ్లీ గరుకు. అదే బేస్, అవే ఫ్రెట్లు. బద్ధకమే కారణమైతే కాలాన్ని బట్టి ఎందుకు మారుతుంది?

మంద్రస్థాయి:
ఒక్క బేస్ చూపించి సూత్రం చేసేయొద్దు.

నెక్‌డాక్టర్:
రిపేర్లే నా వృత్తి కాబట్టి రెండు ముక్కలు. రెండు రకాలూ రోజూ వస్తాయి, తేడా కనుక్కోవడం సులభం. నెక్ అంచుని వెలుతురుకి పక్కగా పెట్టి ఒక ఫ్రెట్‌ని దగ్గరగా చూడండి. ఫ్రెట్‌కి పైన కనిపించే గుండ్రటి తల ఒకటి, చెక్కలోకి దిగే సన్నటి కాడ ఒకటి ఉంటాయి. ఆ కాడ కొస కూడా చెక్క అంచు దాటి బయటికొచ్చి వేలికి తగిలితే అది ఎండడం. అంచు మీద వార్నిష్ ఉన్న నెక్ అయితే సరిగ్గా ఆ చోటే చిన్న పగులో, పొక్కో కనపడుతుంది. కాడ చెక్క లోపలే ఉండి, పైన తల మూల మాత్రం పదునుగా ఉంటే అది అరగదీయకపోవడం.

ఎండిన రకానికైతే తొందరపడి ఆకురాయి పెట్టకండి. వాయిద్యాన్ని 45 నుంచి 55 శాతం తేమలో కొన్నాళ్లు ఉంచి, అప్పటికీ తగిలితేనే.

రెండోదాని జీ స్ట్రింగ్ గురించి: నెక్‌ని బాడీకి పట్టి ఉంచే నాలుగు స్క్రూలు కొద్దిగా వదులు చేసి, నెక్‌ని ఒక పక్కకి నొక్కి మళ్లీ బిగిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. నెక్ కూర్చునే గూటిలో సందు లేకపోతే మాత్రం సర్దుకోదు. అది షాపులోనే అడిగి చేయించుకోండి. జీ స్ట్రింగ్ అంచు దాటి జారిపోయే బేస్ మీద మూడు రోజులకే విసుగొస్తుంది.

నాలుగుతీగలు:
అదీ మాట. నేను చెప్పిందే ఆయనా చెప్పారు, ఎండితే బయటికొస్తాయని.

మంద్రస్థాయి:
అరగదీయని రకం రోజూ వస్తుందని కూడా చెప్పారు. సగమే చదివినట్టున్నారు.

కొత్తబేసు:
రేపు వెళ్లి కాడ చూస్తాను. ఇంకో సందేహం. రెండోదానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలన్నారు. యాక్టివ్ అంటే సౌండ్ బాగుంటుందా? షాపులో ఉన్న చిన్న యాంప్ మీద రెండూ ఒకేలా వినిపించాయి.

శ్రుతిభేదం:
బ్యాటరీ రకమైతే వాయించడం అవగానే కేబుల్ పీకేయండి. జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

నెక్‌డాక్టర్:
చిన్న యాంప్ మీద సౌండ్ చూసి బేస్ ఎంచుకోలేరు. అన్నిటికంటే లావైన ఇ స్ట్రింగ్ ఎక్కడా నొక్కకుండా ఓపెన్‌గా మీటితే దాని మూలస్వరం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంత కిందికి దిగే శక్తి ఆ బుల్లి స్పీకర్‌కి ఉండదు. మీరు వింటున్నది ఎక్కువగా పైస్వరాలనే. అక్కడ హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోత) మాత్రం పరీక్షించుకోవచ్చు. ప్రెసిషన్ పికప్‌ని (స్ట్రింగ్ కంపనాన్ని పట్టే భాగం) 1957లో రెండు ముక్కలుగా చీల్చినప్పటి నుంచి అది హమ్‌ని తనే రద్దు చేసుకుంటుంది. ఫెండర్ జాజ్ బేస్ తరహా సింగిల్ కాయిల్స్ (ఒక్కో తీగచుట్టతో ఉండే రెండు పికప్‌లు) అయితే రెండు వాల్యూమ్‌లూ సమానంగా ఉన్నప్పుడు హమ్ తగ్గి, ఒకటి తగ్గిస్తే పైకొస్తుంది. అది లోపం కాదు. స్ట్రింగ్ మీద చెయ్యి వేస్తే హమ్ ఆగిపోవడం కూడా మామూలే. చెయ్యి వేస్తే పెరిగితే ఎర్త్ వైరు సంగతి చూడాలి.

మంద్రస్థాయి:
నెక్‌డాక్టర్ గారు చెప్పింది నిజం. కానీ కొత్తవాడికి ప్రాణం తీసేది హమ్ కాదు, నట్. మొదటి నెలలన్నీ చెయ్యి ఉండేది మొదటి మూడు ఫ్రెట్ల దగ్గరే. నట్‌లో గాట్లు లోతు చాలకపోతే స్ట్రింగ్ అక్కడ ఎత్తుగా ఉండి వేలు తెగేంత నొక్కాలి, నొక్కితే స్వరం శ్రుతి కంటే పైకి పోతుంది. స్ట్రింగ్‌ని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. కాగితం దూరేంత ఉంటే చాలు. నా అనుభవంలో చవక బేస్‌లలో ఎక్కువగా కనపడే లోపం ఇదే.

నేను కొన్న మొదటి బేస్ గురించి చెప్తాను. నెక్ మెలి తిరిగి ఉంది, నట్ ఎత్తు. అమ్మినాయన "కొత్తలో అంతే బాబూ, చెయ్యి అలవాటు పడుతుంది" అన్నాడు. నమ్మాను. నేర్పినాయన కూడా వాయిద్యం వైపు చూడకుండా నా చెయ్యి వైపే చూసి తిట్టాడు. ఏడాది పాటు నా వేళ్లలోనే బలం లేదనుకున్నాను. ఒక స్నేహితుడి బేస్ తీసుకుని అవే పాఠాలు వాయిస్తే అన్నీ వచ్చేశాయి. ఆ సాయంత్రం నాకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. అందుకే ఫ్రెట్ చివర్లు గరుకుగా ఉన్నా సరే కొనేయమనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నాలుగుతీగలు:
మీ నెక్ మెలి తిరిగితే అది నెక్ లోపం. ఫ్రెట్ చివర్లకీ దానికీ ఏం సంబంధం? మెలికపడ్డ నెక్ కొనమని నేనెప్పుడన్నాను?

మంద్రస్థాయి:
సంబంధం ఉంది. పట్టించుకోని చేతిలోంచి వచ్చిన వాయిద్యం ఒక్క చోటే పట్టించుకోకుండా ఉండదు. మీరు ఫ్యాక్టరీ వకాల్తా పుచ్చుకుని మాట్లాడుతున్నారు.

నాలుగుతీగలు:
నేను ఎవరి వకాల్తా పుచ్చుకోలేదు, మాట జారకండి.

నా కథ కూడా వినండి మరి. ఒక బ్యాండ్‌లో బేస్ ప్లేయర్ కావాలంటే వెళ్లాను. కేస్ తెరిచాను. గిటారిస్ట్ హెడ్‌స్టాక్ మీద పేరు చూశాడు, ఇంకో అతని వైపు చూసి నవ్వాడు. ఒక్క పాట కూడా వాయించనివ్వలేదు. "మంచి బేస్ కొన్నాక రా" అన్నారు. ఆ బేస్ నెక్ తిన్నగా ఉంది, ఇంటొనేషన్ (నెక్ పొడవునా శ్రుతి నిలవడం) సరిగ్గా ఉంది, ఒక్క ఫ్రెట్ మీద కూడా బజ్ లేదు, ఎందుకంటే నేను గంటలు గంటలు కూర్చుని సెటప్ (నెక్ వంపు, స్ట్రింగ్ ఎత్తు లాంటి సర్దుబాట్లు) చేసుకున్నాను. తర్వాత అదే బేస్‌తో రికార్డింగ్‌లు చేశాను. విన్నవాళ్లెవరూ అది ఏ కంపెనీదని అడగలేదు. మీలాంటి మాస్టార్లు "ఇది చూడు, అది చూడు, ఇది ఉంటే వదిలెయ్యి" అని జాబితాలు రాస్తుంటే చదివేవాడికి అర్థమయ్యేది ఒకటే: చవకది నీకు పనికిరాదు, డబ్బులున్నప్పుడు రా. ఆడలేక మద్దెల ఓడు అనే అలవాటు కొత్తవాళ్లకి మొదటి రోజే నేర్పుతున్నారు.

మంద్రస్థాయి:
ఆ సామెత నా ముందు వాడొద్దు. ఏడాది పాటు నన్ను ఆ సామెతతోనే కొట్టారు. ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు. ఆడేవాడు కొత్తవాడైతే అది ఓడో కాదో వాడికి తెలీదు. తెలీదు కాబట్టి తననే తిట్టుకుంటాడు.

జాబితా చదివి బేస్ మానేసినవాణ్ని నేను చూడలేదు. వేళ్లు నొప్పెట్టి, ఎంత వాయించినా శ్రుతి కలవక, "నాకు సంగీతం రాదు సార్" అని చెప్పి వెళ్లిపోయిన పిల్లల్ని చూశాను. వాళ్ల బేస్ తీసి చూస్తే నట్ ఎత్తు, యాక్షన్ ఎత్తు. మీకు సెటప్ చేసుకోవడం వచ్చు. ఆ పిల్లలకి రాదు. "సెటప్ చేస్తే సరిపోతుంది" అని మీరు అనగలరు, ఎందుకంటే ఏది సరిపోలేదో మీ చెవికి తెలుసు. నా కోపం చవక బేస్ మీద కాదు, ఆ మాట మీద.

డ్రమ్స్‌వాడు:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. పాపం అడిగినాయన చదువుతున్నాడు.

నాలుగుతీగలు:
ఈ మాట మొదటే చెప్పుంటే ఫ్రెట్ చివర్ల మీద ఇంత రాసేవాళ్లం కాదు. అయినా ఒప్పుకోను. సెటప్ రాకపోతే నేర్చుకోవాలి, లేదా చేయించుకోవాలి. బేస్ కొనే డబ్బులోనే దానికి కొంత తీసి పక్కన పెట్టుకోవాలి. ఒక మెట్టు తక్కువ బేస్ కొని మంచి సెటప్ చేయించినవాడి దగ్గర, ఉన్నదంతా పెట్టి ఒక మెట్టు పైది కొని పెట్టెలోంచి తీసినట్టే వాయించేవాడి దగ్గర కంటే మంచి వాయిద్యం ఉంటుంది. రాసి పెట్టుకోండి.

మంద్రస్థాయి:
రిపేరు చేసే మనిషి అందుబాటులో ఉన్నవాడికి అది నిజం. లేనివాడికి? చేతిలోకి తీసుకున్నప్పుడే సరిగ్గా ఉన్నదాన్నే కొనాలి, అది ఏ కంపెనీదైనా, ఎంత చవకదైనా. అదే మోడల్ రెండు మూడు తెప్పించుకుని చూడాలి. చవక బేస్‌లలో ఒకే మోడల్‌లో ఒకటి అద్భుతంగా, పక్కది ఘోరంగా ఉంటాయి. లేదంటే ఎవరైనా వాయించి, సరిచేయించి వాడుతున్న సెకండ్ హ్యాండ్‌ది కొనాలి. ఆ మనిషి చేతిలో అది వాయించి చూపించమనాలి.

నాలుగుతీగలు:
సెకండ్ హ్యాండ్‌లో అరిగిపోయిన ఫ్రెట్లు, మరలు తెగిన ట్రస్ రాడ్ నట్ వస్తాయి. అవి కొత్తవాడు కనిపెట్టగలడా? మీ వాదనే మీకు ఎదురు తిరుగుతోంది.

మంద్రస్థాయి:
తెలిసినవాణ్ని వెంట తీసుకెళ్లాలి.

నాలుగుతీగలు:
తెలిసినవాడు ఉంటే సెటప్ కూడా వాడే చేస్తాడు!

నెక్‌డాక్టర్:
డబ్బు పక్కన పెట్టుకోవాలన్నది నేనూ ఒప్పుకుంటాను, నా బతుకే అది కాబట్టి నా మాట ఎంత వరకు తీసుకోవాలో మీరే చూసుకోండి. సరిచేయగలిగేవి ఏవి, సరిచేయలేనివి ఏవి అన్నది మాత్రం చెప్తాను. నెక్ వంపు, యాక్షన్, నట్, ఇంటొనేషన్, ఫ్రెట్ చివర్లు, ఒకటి రెండు లేచిన ఫ్రెట్లు సరిచేయొచ్చు. మెలిక, ఇరుక్కుపోయిన ట్రస్ రాడ్, సాడిల్ చివరిదాకా వెనక్కి జరిపినా 12వ ఫ్రెట్ నొక్కిన స్వరం అదే చోట స్ట్రింగ్‌ని తాకీతాకనట్టు మీటితే వచ్చే హార్మోనిక్ కంటే పై శ్రుతిలోనే పలికే బేస్, వీటి జోలికి పోవద్దు. జీ స్ట్రింగ్ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల మధ్య ఎక్కడో ఒక స్వరం త్వరగా ఆరిపోతే అది నెక్ కంపనం వల్ల వచ్చే డెడ్ స్పాట్. ఖరీదైనవాటిలోనూ ఉంటుంది. దాన్ని చూసి భయపడొద్దు, కానీ రెండు బేస్‌లు పక్కపక్కన ఉంటే తక్కువ ఆరిపోయేదే తీసుకోండి.

కొత్తబేసు:
ఇవాళ వెళ్లొచ్చాను. మొదటిదాని ఫ్రెట్లు వెలుతురుకి పెట్టి చూశాను. కాడ లోపలే ఉంది, తల మూలలే పదునుగా ఉన్నాయి. అంటే అరగదీయలేదు. కానీ నెక్ రెండు అంచులూ తిన్నగా ఉన్నాయి, మూడో ఫ్రెట్ నొక్కితే మొదటి ఫ్రెట్ మీద సందు సన్నగానే ఉంది, 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్, నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకచోటే ఆగాయి. రెండోదానికి నెక్ స్క్రూలు వదులు చేసి చూడమని అడిగితే షాపువాళ్లు కుదరదన్నారు. మొదటిదే తీసుకున్నాను. సెటప్‌కి కొంత మిగుల్చుకున్నాను.

మంద్రస్థాయి:
నట్ బాగుందన్నారు కదా, సంతోషం. ఫ్రెట్ చివర్లు మాత్రం వెంటనే చేయించుకోండి, వాయిదా వేయొద్దు.

నాలుగుతీగలు:
మూలలు పదునుగా ఉన్నా నట్టూ నెక్కూ బాగున్నాయి. "ఒక్క చోటే పట్టించుకోకుండా ఉండదు" అన్నారు మాస్టారు. ఇక్కడ ఒక్క చోటే ఉంది.

మంద్రస్థాయి:
ఫ్రెట్ల ఎత్తు ఇంకా ఎవరూ కొలవలేదు.

నెక్‌డాక్టర్:
కొత్తబేసు గారూ, కొత్త చోట వాయిద్యం కుదురుకోవడానికి కొద్ది రోజులు పడుతుంది. ఆ తర్వాత మొదటి ఫ్రెట్ మీద కేపో (స్ట్రింగ్స్‌ని నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, ఇ స్ట్రింగ్‌ని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, 8వ ఫ్రెట్ మీద సందు కొలవండి. 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్ కుడివైపుకి పావు తిప్పు మాత్రమే తిప్పి, మర్నాడు మళ్లీ కొలవండి. గట్టిగా అనిపిస్తే బలం పెట్టకుండా అక్కడే ఆపేయండి. అది సరయ్యాక 17వ ఫ్రెట్ దగ్గర ఇ స్ట్రింగ్ ఎత్తు 2.4, జీ స్ట్రింగ్ ఎత్తు 2 మిల్లీమీటర్లకి తెచ్చి, ఎక్కడెక్కడ బజ్ వస్తోందో స్ట్రింగ్ పేరు, ఫ్రెట్ నంబరు వేసి ఇక్కడే రాయండి. ఫ్రెట్ల ఎత్తు సంగతి అప్పుడు తేలుతుంది.